డప్పు మనదే, మాట ఎవరిది?

ఊళ్ళో చాటింపు వెయ్యాలంటే మన పల్లెకే కబురొచ్చేది. డప్పు మనది. తోలు మనది, పుల్ల మనది, బజారు బజారు తిరిగిన కాళ్ళు మనవి, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు మనది. మాట మాత్రం మనది కాదు. కరణం రాసిచ్చింది, మునసబు చెప్పింది, అదే మన నోటితో చాటాలి. శిస్తు కట్టమని మనమే చాటాం. వెట్టికి రమ్మని మనమే చాటాం. మనోడి గుడిసె జప్తుకొచ్చినా ఆ సంగతి ఊరికి తెలిపింది మన డప్పే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసింది. డప్పు మిగిలింది. మాట ఎవరిది అనే ప్రశ్న కూడా మిగిలింది.

ఆ ప్రశ్న ఇప్పుడు కొత్త వేషంలో మన వాడలకొచ్చింది. డప్పు పోయి పెట్టె వచ్చింది. పెట్టె మన ఇంట్లో ఉంటది. కరెంటు మనది, సెల్లు రీఛార్జి డబ్బు మనది, వినే చెవులు మనవి. మాట ఎవరిది? దీన్ని గురించి సంఘం మీటింగుల్లో మాట్లాడుకోవాల్సిన టైమొచ్చిందని నేను అనుకుంటున్నా.

మాట్లాడే పెట్టెలు

ఈ మధ్య కాలంలో మన ఇళ్ళలోకి వచ్చిన మాట్లాడే సామాన్లు ఒకసారి లెక్కేసుకోండి.

పూజాసామాన్ల కొట్లో అరచేతంత ప్లాస్టిక్ పెట్టె దొరుకుతుంది. ప్లగ్గులో గుచ్చితే చాలు, రాత్రీ పగలూ ఒకే మంత్రం చదువుతానే ఉంటది. పాత హెచ్.ఎం.వి. గ్రామఫోన్ కంపెనీయే ఇప్పుడు సారెగమ. అది 2017లో కార్వాన్ అనే రేడియోలాంటి పెట్టె తెచ్చింది. అందులో 5000 సినిమా పాటలు ముందే ఎక్కించి ఉంటాయి. అమ్మకం బాగుండటంతో తర్వాత భక్తి పాటలకంటూ వేరే పెట్టెలు చేసింది. చైనాలో అమితాభ బుద్ధుడి పేరు జపించే చిన్న పెట్టెలు ఎన్నో ఏళ్ళ నుంచి అమ్ముతున్నారు. ఖురాన్ అక్షరాల మీద ఆనిస్తే ఆ వాక్యం పైకి చదివే పెన్నులు వచ్చాయి. బైబిలు మొత్తం చదివి వినిపించే సోలార్ పెట్టెలు వచ్చాయి. ఇవన్నీ కొనలేని వాడికి సెల్ ఫోనుంది, పొద్దున్నే వాట్సాప్‌లో స్వామి ఉపన్యాసమో, పాస్టరు గారి ప్రార్థనో, మౌలానా గారి బయానో వచ్చి పడతది.

మతాలు వేరు, పెట్టెలన్నిటికీ పోలిక ఒకటే. నోరుంది, చెవి లేదు. అది చెప్తది, మనం వినాలి. మనం అడిగితే అది వినదు. ఇంకో సంగతి కూడా గమనించండి. అందులో మాట ఎక్కించింది ఎక్కడో పట్నంలోనో, వేరే దేశంలోనో. ఇక్కడ మనకు మిగిలింది మీట నొక్కడం ఒక్కటే. ఆ మాటలో ఒక్క ముక్క మార్చే వీలు మనకు లేదు. చాటింపు రోజుల్లో కనీసం మనోడు డప్పు ఆపి, మనవాళ్ళతో నాలుగు ముక్కలు చెవిలో చెప్పేవాడు. ఈ పెట్టె ఆ పని కూడా చెయ్యదు.

సీసం పోసిన చెవుల్లోకే మంత్రం

మన చెవులకి ఒక చరిత్ర ఉంది. గౌతమ ధర్మసూత్రం అనే పాత గ్రంథం, శూద్రుడు కావాలని వేదం వింటే వాడి చెవుల్లో కరిగించిన సీసమూ లక్కా పొయ్యమంది. పలికితే నాలుక కొయ్యమంది. గుర్తుపెట్టుకుంటే ఒళ్ళు చీల్చమంది. శూద్రుడికే అంత శిక్షయితే, ఊరి బయట ఉన్న మన సంగతి చెప్పేదేముంది?

అట్లాంటి చెవుల మీద ఇప్పుడు ఇంత ప్రేమ ఎందుకొచ్చింది?

దీనికి జవాబు కోసం 1911 జనాభా లెక్కల దాకా పోవాలి. అప్పటి సెన్సస్ కమిషనరు గెయిట్, హిందువుల లెక్కలో ఎవరు పూర్తిగా హిందువులు, ఎవరు కాదు అని తేల్చటానికి పది పరీక్షలు పెట్టాడు. బ్రాహ్మణుడి పెద్దరికం ఒప్పుకోని వాళ్ళు, గుడి లోపలికి రానివ్వబడని వాళ్ళు, తాకితే మైల అనిపించుకునే వాళ్ళు, శవాల్ని పూడ్చిపెట్టే వాళ్ళు వగైరా. ఆ పదిట్లో ఒకటి, బ్రాహ్మణుడి దగ్గర గానీ, పేరున్న హిందూ గురువు దగ్గర గానీ మంత్రం తీసుకోని వాళ్ళు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1948లో రాసిన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో ఈ సంగతి వివరంగా చర్చించాడు. ఆ పరీక్షల్లో మనం వేరుగా తేలాం. మనల్ని వేరుగా లెక్కేస్తే పెద్ద కులాల లెక్క తగ్గిపోద్ది. సీట్లు తగ్గుతాయి, బలం తగ్గుద్ది. అప్పటి నుంచే మనం వాళ్ళకి లెక్కలో కావలసిన వాళ్ళమయ్యాం, పక్కన కూర్చోటానికి మాత్రం కాదు.

ఈ రోజు పెట్టె వచ్చి పని సులువు చేసింది. మంత్రం ఇవ్వటానికి గురువు మన వాడకు రానక్కర్లేదు. మనల్ని ముట్టుకోనక్కర్లేదు, మన నీళ్ళు తాగనక్కర్లేదు. మనం గుడి మెట్లు ఎక్కనక్కర్లేదు. గుడి మీది మైకు నుంచి సుప్రభాతం మన పల్లె దాకా వినపడతది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన సుప్రభాతం 1963లో హెచ్.ఎం.వి. రికార్డుగా వచ్చింది. గొప్ప గొంతు, సందేహం లేదు. ఆ గొంతు గోడలు దాటి వచ్చింది. మన కాళ్ళు మాత్రం ఎన్నో ఊళ్ళలో ఇంకా ఆ గోడ ఇవతలే ఆగుతున్నాయి. శబ్దానికి అంటు లేదు, మనిషికుంది. ఇదేం న్యాయమని ఆ పెట్టెను అడగండి, చెప్పదు.

ఘంటసాల పాడిన భగవద్గీత సంగతి మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. చివరి రోజుల్లో పాడిన గీత ఇప్పటికీ మోగుతానే ఉంది. మైకులో ఆ గొంతు వినపడితే చాలు, ‘ఎవరు పోయార్రా?’ అని అడుగుతారు. ఇప్పుడు మన వాడలో ముసలమ్మ పోయినా అదే వేస్తున్నారు. నాలుగు వర్ణాలను తానే సృష్టించానని కృష్ణుడు అన్నది ఆ గీత నాలుగో అధ్యాయంలోనే. మనల్ని ఆ నాలుగిట్లో కూడా చేర్చలేదు. ఊరి శ్మశానం వేరు, మన శ్మశానం వేరు. కొన్ని ఊళ్ళలో మనకు శ్మశానమే లేదు, వాగు గట్టే గతి. ఆరడుగుల నేల ఇవ్వని ఊరి పాట మాత్రం మన శవం వెంట నడుస్తున్నది. ఆ పాట ఎందుకు వేస్తున్నామో వేసేవాడికి తెలియదు. అందరూ వేస్తున్నారు కాబట్టి వేస్తున్నాం. పెట్టె బలం అక్కడే ఉంది.

నడిచొచ్చిన సువార్త, పెట్టెలో వచ్చిన సువార్త

హిందువుల పెట్టెను అని క్రైస్తవుల పెట్టెను వదిలితే మనది న్యాయం అనిపించుకోదు. మనలో సగం మంది చర్చికి పోయేవాళ్ళమే. కాబట్టి ఇది ఇంటి మాట.

ఒంగోలు ప్రాంతం చరిత్ర చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. కానీ ఆ ప్రాంతంలో మతాన్ని మోసింది దొర ఒక్కడే కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషి, మూట భుజాన వేసుకుని పల్లె పల్లెకీ నడిచి చెప్పాడు. రాత్రిళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడాడు. వినేవాళ్ళు ఎదురు ప్రశ్నలేశారు. పేరయ్య వాళ్ళ కులపోడే, వాళ్ళతో తిన్నాడు, వాళ్ళ కష్టం తెలిసినోడు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఎవరైనా వాళ్ళను ‘గంజి కోసం కలిసినోళ్ళు’ అని ఎగతాళి చేస్తే ఒక సంగతి గుర్తు చెయ్యండి. అట్లా కలిసినవాళ్ళు ఊరి జాతరల్లో డప్పు కొట్టం అన్నారు. చచ్చిన గొడ్డు తినం అన్నారు. ఆదివారం పనికి రాం అన్నారు. ఊరి పెద్దలు కక్ష గట్టి బాధలు పెట్టినా నిలబడ్డారు. మన డప్పు మీద ఇంకొకరి మాట మోయం అని ఈ జిల్లాల్లో అంత పెద్ద ఎత్తున చెప్పింది వాళ్ళే.

ఆ మతం వెంట పలక కూడా వచ్చింది. బైబిలు చదవాలంటే అక్షరం రావాలి, అందుకని బడి పెట్టారు. రాత్రి బడి, ఆదివారం బడి. మా తరంలో డిగ్రీ దాకా వచ్చిన చాలామందికి ఇంట్లో మొదటి అక్షరం అట్లాంటి బడి నుంచే వచ్చింది. దేవుడి మాట వినటానికి వచ్చిన పిల్లోడు, చదవటం నేర్చి, తర్వాత ప్రామిసరీ నోటు కూడా చదివాడు, పట్టా కాయితం కూడా చదివాడు. ఆ తర్వాత అంబేద్కర్‌ని చదివాడు. అక్షరం ఎక్కడ మొదలైనా ఒక్క చోట ఆగదు.

ఇప్పుడు వచ్చే పెట్టె వెంట పలక లేదు.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. జాయ్ రిడర్‌హాఫ్ అనే అమెరికన్ మిషనరీ హోండురాస్‌లో పనిచేసి, జబ్బు చేసి ఇంటికి తిరిగొచ్చి, 1939లో లాస్ ఏంజెలిస్‌లో సువార్త రికార్డులు చెయ్యటం మొదలుపెట్టింది. చదువురాని వాళ్ళకి వాళ్ళ సొంత యాసలో వినిపించాలని ఆమె పట్టుదల. కరెంటు లేని పల్లెల కోసం ఆ సంస్థ మడత పెట్టిన అట్టతోనే రికార్డు మోగించే యంత్రం తయారు చేసింది. పుల్లతో చేత్తో తిప్పితే చాలు, పాట వచ్చేది. ఆ సంస్థ ఇప్పుడు గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్. ఆరు వేలకు పైగా భాషల్లో, యాసల్లో రికార్డులున్నాయని వాళ్ళు చెప్పుకుంటారు. మన సర్కారు బడి పుస్తకాలు ఎన్ని యాసల్లో ఉన్నాయి? గోండు పిల్లోడికి, కోయ పిల్లకి వాళ్ళ మాటలో పాఠం చెప్పాలని మన విద్యాశాఖకి ఎంత పట్టింపు ఉంది? ఈ ఒక్క విషయంలో వాళ్ళ శ్రద్ధకు దండం పెట్టాలి.

అమెరికాలోనే అల్బకర్కీలో ఇంకో సంస్థ ఉంది. దాని పేరు ఫెయిత్ కమ్స్ బై హియరింగ్. వినటం వల్ల విశ్వాసం కలుగుద్ది అని ఆ పేరుకి అర్థం. 1972లో క్యాసెట్లతో మొదలైంది. వాళ్ళు చేసిన ‘ప్రొక్లెయిమర్’ అనే పెట్టెకు సోలార్ పలక ఉంటది, చేత్తో తిప్పే పిడి ఉంటది. దాదాపు మూడు వందల మంది గుంపుకి వినపడతది. లోపలున్న చిప్పులో మాట ఎన్నిసార్లు మోగించినా అరగదు, చెరగదు అని తయారుచేసిన వాళ్ళే గొప్పగా చెప్తారు.

చెరగదు! ఈ ముక్క దగ్గర కాసేపు ఆగండి. పాత క్యాసెట్టు మీద మనం మన పాట ఎక్కించుకోవచ్చు. దీని మీద కుదరదు. పేరయ్యను ఆపి అడిగినట్టు దీన్ని ఆపి అడగలేం.

ముసలమ్మకి మేలే

న్యాయం మాట్లాడాలి. ఈ పెట్టె వల్ల మేలు లేదని నేను అనటం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీ స్త్రీలలో చదువొచ్చిన వాళ్ళు నూటికి 56 మంది. మిగతా 44 మంది సంగతేంది? కళ్ళు కనపడని తాత సంగతేంది? పగలంతా మిరపకాయలు కోసి వచ్చిన అమ్మ, పొయ్యి ముందు కూర్చుని తనకు నచ్చిన వాక్యం వింటుంటే, అది ఆమెకు తోడు. మధ్యలో చదివి పెట్టేవాడి బతిమాలుడు లేదు. పాస్టరు గారి కోసమో, పూజారి కోసమో కాచుకునే పని లేదు. ఒకప్పుడు చదువొచ్చిన మగవాడి దగ్గరే ఉన్న గ్రంథం ఇప్పుడు ఆమె కొంగున ఉంది. ఇది చిన్న సంగతి కాదు. రాజ్యాంగం 25వ అధికరణ కింద ఎవరి మతం వాళ్ళు నమ్మొచ్చు, ప్రచారం చేసుకోవచ్చు. పెట్టెలు పగలగొట్టమని ఎవరైనా వస్తే వాళ్ళు మనోళ్ళు కారు.

కాకపోతే ఒక పంతులుగా నాకు కనపడేది వేరే. చదువు రాని అమ్మకి పెట్టె ఇస్తే అది సాయం. చదువు నేర్వాల్సిన పదేళ్ళ పిల్లకి కూడా అదే పెట్టె ఇచ్చి, ‘ఇంక నీకు చదివే పని లేదు’ అంటే అది ద్రోహం. చెవికీ కంటికీ తేడా ఉంది. చెవిలో పడిన మాట ముందుకు ఉరుకుతూ పోద్ది. కాయితం మీద మాట ఆగుద్ది. వేలు పెట్టి వెనక్కి పోవచ్చు, పైన ఏం రాశాడు, కింద ఏం రాశాడు అని పోల్చొచ్చు. మోసం పట్టుకునేది అక్కడే. మన తాతలతో వేలిముద్ర వేయించుకున్న వాళ్ళందరూ ముందు చదివి వినిపించే వేయించుకున్నారు, తెలుసు గదా. వినిపించింది ఒకటి, రాసింది ఇంకొకటి.

పెట్టె చెప్పని సంగతులు

చెప్పిన మాటల కంటే చెప్పని మాటలు చూడాలి.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర బర్రెను కడుగుతుంటే, మేం తాగే నీళ్ళయ్యా అని మన ఆడబిడ్డ నోరు తెరిచి అడగటంతో మొదలైంది. ఆ బిడ్డ పేరు సువార్త. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ సంగతులు ఏ పెట్టెలోనైనా విన్నారా? సోలార్ పెట్టెలో సువార్త ఉంది గానీ, నోరు తెరిచిన మన సువార్త లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవంలోకి పోయిన దళితుడిని ఎస్సీ జాబితాలో చేర్చలేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. పెట్టె విని బాప్తిస్మం తీసుకునే కుర్రాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఆత్మలన్నీ సమానమని చెప్పే గొంతు, కాయితాల మీద సమానం కాదన్న సంగతి ఎందుకు మింగుతున్నది? మంత్రాల పెట్టెలు అయితే సరే సరి. అందరం ఒక్కటే అంటాయి, ఎవడి బావి వాడిదే.

క్యాసెట్టు నేర్పిన పాఠం

చవక యంత్రం ఎంత పని చేస్తదో లోకం ఇదివరకే చూసింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టు తెచ్చింది. 1978లో ఇరాన్ రాజు మీద తిరుగుబాటులో ఖొమేనీ ఫ్రాన్సులో కూర్చుని మాట్లాడితే, ఆ మాటలు క్యాసెట్ల మీద ఇరాన్ మసీదుల్లో, బజార్లలో తిరిగాయి. 1979లో రాజు పోయాడు. జనం చేతులతోనే కాపీలు చేసి పంచారు. తీరా అధికారం వచ్చాక ఆ జనం నోళ్ళకే తాళాలు పడ్డాయి. మన దేశంలో 1990 ప్రాంతాల్లో సాధ్వి రితంభర ప్రసంగాల క్యాసెట్లు ఉత్తరాది ఊళ్ళలో టీ కొట్ల దగ్గర మోగాయి. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు పడింది. ఎదురుగా నిలబడి చెప్పలేని మాట కూడా పెట్టె ద్వారా చెప్పొచ్చు. చెప్పినవాడు దూరంగా ఉంటాడు, కత్తులు పట్టేది మన వాడ కుర్రాళ్ళు, మన బీసీ కుర్రాళ్ళు. జైలుకి పోయేది కూడా వాళ్ళే.

అదే క్యాసెట్టు మీద గద్దర్ పాట కూడా ఊరూరా తిరిగింది. మహారాష్ట్రలో భీమ్ పాటలు నాగపూర్ దీక్షాభూమి దగ్గర అంగళ్ళలో కుప్పలు పోసి అమ్మారు. కాబట్టి యంత్రానికి కులం లేదు, మతం లేదు. దాన్ని పట్టుకున్న చేతికుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఇప్పుడొచ్చింది. మనిషి గొంతు కాస్త దొరికితే చాలు, ఆ గొంతుతో అనని మాటలు అనిపించే కంప్యూటర్లు వచ్చాయి. 1955లో బాబాసాహెబ్ బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూ ఉంది, ఆయన గొంతు అందులో ఉంది. రేపు ఆ గొంతుతోనే ‘రిజర్వేషన్లు వద్దు’ అనో, ‘ఫలానా పార్టీకి వెయ్యండి’ అనో మీ సెల్లుకి వస్తే? జై భీమ్ అని దండం పెట్టి పదిమందికి పంపుతారా? మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి ఆయన రచనలు, ప్రసంగాలు సంపుటాలుగా అచ్చేసింది. తెలుగులోనూ వచ్చాయి. ‘ఏ సంపుటం, ఎన్నో పేజీ?’ అని అడగటం మన వాడలో చిన్నపిల్లోడికి కూడా అలవాటు కావాలి. గొంతును నమ్మొద్దు, పేజీ చూపించమనండి.

బుద్ధుడు కేసపుత్త గ్రామంలో కాలాములకు చెప్పింది ఇదే. పరంపరగా విన్నామని, గ్రంథంలో ఉందని, చెప్పినవాడు గురువని నమ్మొద్దన్నాడు. మీరే పరీక్షించి మంచిదైతే ఆచరించమన్నాడు. అట్లాంటి ఆయన పేరునే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి జపం చేయిస్తున్నారంటే, పెట్టె ఎవర్నీ వదలదని అర్థం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మైకు ముందే నిలబడ్డాడు. కానీ 22 ప్రతిజ్ఞలు తాను చదివి ఊరుకోలేదు. లక్షల మంది చేత నోటితో పలికించాడు. మైకు వాడటం అంటే అదీ.

మైకు పట్టిన నర్సమ్మలు

మనవాళ్ళు చెయ్యగలరా అని సందేహం వద్దు, చేశారు.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు, కూలీ చేసుకునేవాళ్ళు, చిరుధాన్యాలు పండించేవాళ్ళు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ తర్వాత యునెస్కో సాయంతో వాళ్ళు స్టూడియో కట్టుకున్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఊరుకోలేదు వాళ్ళు. క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. 2006లో ప్రభుత్వం నిబంధనలు మార్చింది. 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు నడిపారు. విత్తనాల మాట, పంటల మాట, పిల్లల జబ్బులు, నాట్ల పాటలు, అంతా వాళ్ళ యాసలోనే. మాట్లాడేది వాళ్ళే, వినేది వాళ్ళే. తప్పు చెప్తే రేపు పొలంలో నిలదీసే మనిషి పక్కనే ఉంటది.

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఇంకో దారి. మామూలు సెల్లు నుంచి ఫోన్ చేసి, ఒక అంకె నొక్కితే మన మాట రికార్డవుద్ది, ఇంకో అంకె నొక్కితే పక్క ఊరి మాట వినపడతది. గోండు భాషలో తమ బాధ తామే చెప్పుకున్నారు.

వీళ్ళ యంత్రాలు ఆ సోలార్ పెట్టె కంటే గొప్పవేం కాదు. ఒక్కటే తేడా, వీటికి చెవి ఉంది.

మనం చెయ్యాల్సిన పనులు

ఉపన్యాసం చాలు. సంఘాల్లో పెట్టి మాట్లాడటానికి నాకు తోచిన పనులు ఇవి.

1. పెట్టె విన్న తర్వాత దాన్ని కట్టేసి, గంటసేపు మాట్లాడుకోవాలి. ఇది ఎవరు చెప్పారు? ఎవరి డబ్బుతో వచ్చింది? మన బావి, మన భూమి, మన కూలి గురించి ఏమైనా చెప్పిందా? ఈ మూడు ప్రశ్నలు ఏ మతం పెట్టెకైనా సరే.

2. వినే మాటకి అచ్చు పుస్తకం జత చెయ్యాలి. బైబిలైనా, అంబేద్కరైనా, గొంతు నడుస్తుంటే పిల్లల చేత అక్షరం కింద వేలు నడిపించండి. చదువు రాని అమ్మలకూ ఇది మంచి పద్ధతి. అప్పుడు పెట్టె బడికి శత్రువు కాదు, పంతులుకు తోడు.

3. మన పెద్దోళ్ళ గొంతులు రికార్డు చెయ్యాలి. సెల్లులో ఆ మీట ఉంది, నొక్కండి. బంజరు భూమి ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది, ఏ బావి దగ్గర కొట్టారు, ఎవరు ఎదురు తిరిగారు. పేరు, ఊరు, తారీఖు చెప్పించి మూడు చోట్ల దాచండి. తాత పోయాక ఘంటసాల గొంతు ఎప్పుడైనా దొరుకుద్ది, తాత గొంతు దొరకదు.

4. 1989 అట్రాసిటీ చట్టం, 2015 సవరణ, ఉపాధి పని లెక్కలు, మన యాసలో పది నిమిషాల ముక్కలుగా చదివి వాడ వాడకీ పంపాలి. చదివేది మన డిగ్రీ పిల్లలు. తప్పులుంటే సరిదిద్దేది మన లాయర్లు.

5. మైకు చట్టం అందరికీ ఒకటే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు వద్దు. పగలైనా రాతపూర్వక అనుమతి ఉండాలి. బడి, ఆస్పత్రి చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. మైకుతో పక్కవాళ్ళ నిద్ర చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో ఒక చర్చి కేసులో తేల్చింది. చర్చి మైకుకి కేసు, గుడి మైకుకి దండం, మసీదు మైకుకి గొడవ అనే పద్ధతి వద్దు. మార్చిలో పదో తరగతి పరీక్షలప్పుడు మన ఏప్రిల్ 14 రిహార్సల్ డీజే కూడా ఈ లెక్కలోకే వస్తుంది. జయంతి రోజున గుండెలదిరే బాక్సులు పెట్టి ఒక్క ప్రసంగం కూడా వినపడకుండా చేస్తే, అది కూడా చెవి లేని పెట్టే.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. దాని డిమాండు మీద మాల మాదిగల మధ్య ఎంత వాదమున్నా ఒక సంగతి అందరూ ఒప్పుకోవాలి. తరతరాలు ఊరి పెద్ద మాట మోసిన డప్పు, ఆ రోజు కొట్టేవాడి సొంత మాట చెప్పింది. ఊరు ఉలిక్కిపడింది అందుకే.

ఇప్పుడు మన ప్రతి ఇంట్లో డప్పు కంటే వెయ్యి రెట్లు దూరం వినిపించే సామాను ఉంది. దాంట్లో ఎవరో ఎక్కించిన మాటే మోగించుకుంటూ కూర్చుంటే, మనం మళ్ళీ వెట్టి చాటింపు చేస్తున్నట్టే. కూలి కూడా లేదు, పైగా రీఛార్జి మనదే. అన్నలారా, అక్కలారా, ఈ పక్షంలో మీ వాడలో కనీసం ఒక్క ముసలమ్మ ముందు సెల్లు పెట్టి, రికార్డు మీట నొక్కి, ‘చెప్పు పెద్దమ్మా, నీ కథ’ అని అడగండి. పని అక్కడ మొదలుపెడదాం.

జై భీమ్.